పాడని గొంతు: ‘శంకరాభరణం’లో శ్రోత స్థానం - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 1980లో వెలువడిన ‘శంకరాభరణం’ను శాస్త్రీయ సంగీత పునరుజ్జీవన కథగా చూడటం విమర్శలో స్థిరపడిన సంప్రదాయం. ఈ వ్యాసం ఆ చిత్రాన్ని వినేవారి కథగా పరిశీలిస్తుంది. గాయకుడైన శంకరశాస్త్రి చుట్టూ కథ నడిచినా, ఆ పాటకు విలువ కట్టేదీ, దాన్ని కాపాడేదీ తులసి అనే శ్రోత. అయితే ఆమెను ఉత్తమ శ్రోతగా నిలిపిన చిత్రమే ఆమెకు గొంతు లేకుండా చేసింది. ఈ మౌనాన్ని సహృదయ భావన వెలుగులోను, కళావంతుల చరిత్ర వెలుగులోను చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: శంకరాభరణం, సహృదయత, శ్రోత, కళావంతులు, మధురవాణి, బెంగుళూరు నాగరత్నమ్మ.

ప్రవేశిక

గోదావరి తీరంలోని ఒక చిన్న పట్టణంలో, బస్టాండు వెనుక వీధిలో ఉన్న పాత సినిమా హాలులో ఒక ఆదివారం ఉదయం ఆటగా ‘శంకరాభరణం’ వేశారు. గేటు పక్క గోడకు అంటించిన చేతిరాత కాగితం తప్ప ఆ ప్రదర్శనకు వేరే ప్రచారం లేదు. బంధువుల ఇంటికి వెళ్లిన నేను కూరగాయలకు బయలుదేరి ఆ కాగితం చూసి ఆగాను. లోపల ముప్పై మందికి మించి లేరు. ఎక్కువమంది వయసు మళ్లినవారు. పంకాల చప్పుడు పాటలోకి చొరబడుతూనే ఉంది. ఈ చిత్రాన్ని అంతకుముందు టీవీలో ముక్కలు ముక్కలుగా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొదటినుంచి చివరిదాకా, చీకట్లో, అపరిచితుల మధ్య కూర్చుని చూడటం అదే మొదలు.

ఆ హాలులో రెండు విషయాలు నా దృష్టిని ఆకర్షించాయి. హిందోళ రాగంలో సాగుతున్న పాటలోకి శారద పరధ్యానంగా రిషభాన్ని జారవిడిచే సన్నివేశంలో, తెరమీద తండ్రి గద్దించకముందే నా ముందు వరుసలోని పెద్దాయన ఆ అమ్మాయి పేరు పెట్టి గట్టిగా అదలించాడు. హాలంతా నవ్వింది. రెండవది, ఆట ముగిసి మెట్లు దిగుతుండగా వినబడిన మాట. “పిన్నీ, అంతసేపు వింటూనే ఉంటుంది గాని, ఆవిడ ఒక్క పాటైనా పాడదేం?” అని ఒక యువతి అడిగింది. “పాడితే ఎవరు ఊరుకుంటారే?” అన్నది ఆ పెద్దావిడ, చెప్పులు వెతుక్కుంటూ.

మొదటిది ఈ చిత్రం తన ప్రేక్షకుణ్ణి ఎలా తయారు చేసుకున్నదో తెలుపుతుంది. రెండవది ఆ తయారీకి చెల్లించిన మూల్యాన్ని ప్రశ్నిస్తుంది. ఈ వ్యాసం ఆ రెండింటి నడుమ పుట్టింది.

1. నోటిమాటతో నిలిచిన చిత్రం

‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు. జంధ్యాల సంభాషణలు, వేటూరి సుందరరామమూర్తి సాహిత్యం, కె.వి. మహదేవన్ సంగీతం, బాలూ మహేంద్ర ఛాయాగ్రహణం దీనికి సమకూరాయి. ఇందులో తారలు లేరు. ప్రధాన పాత్రధారి జె.వి. సోమయాజులు నాటకరంగంలో పేరున్నవాడు, రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. నడివయసు దాటిన గాయకుడు నాయకుడు, అతనికీ నాయికకూ నడుమ ప్రణయగీతం లేదు, పోరాటాలు లేవు. ఇటువంటి చిత్రాన్ని తీసుకోవడానికి పంపిణీదారులు వెనుకాడారనీ, తొలిరోజుల్లో హాళ్లు పలచగా ఉండేవనీ నిర్మాత, దర్శకుడు తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నారు. చూసినవారు మరొకరికి చెప్పగా, విన్నవారు వచ్చి చూడగా చిత్రం నిలిచింది. ఆ తరువాతి గౌరవాలు అందరికీ తెలిసినవే. ఉత్తమ జనరంజక చిత్రంగా జాతీయ పురస్కారంతోపాటు మహదేవన్‌కు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు కూడా జాతీయ పురస్కారాలు లభించాయి. విశ్వనాథే దీన్ని 1985లో ‘సుర్ సంగమ్’ పేరుతో హిందీలో తీశారు.

ఈ విడుదల చరిత్రను సాధారణంగా ఒక విజయగాథగా చెప్పుకుంటారు. కాని కథావస్తువుకూ దీనికీ ఉన్న పోలిక గమనించదగినది. శంకరశాస్త్రి కచేరీలకు జనం కరువవుతారు, ఇల్లు పేదరికంలో పడుతుంది. అతని విద్యలో లోపం వచ్చి కాదు, వినేవారు లేక. చివరికి ఒక శ్రోత పూనికతో మళ్లీ సభ నిండుతుంది. ఖాళీ హాలులో ఆడిన చిత్రం ఖాళీ అవుతున్న సభను చూపింది, తెరమీద తులసి చేసిన పనిని తెర ముందు ప్రేక్షకులు చేశారు. నేను చూసిన ముప్పైమంది ఆట కూడా ఆ పరంపరలోనిదే.

2. వినడం నేర్పే చిత్రం

పాటలు అధికంగా ఉన్న చిత్రాలన్నీ సంగీత చిత్రాలు కావు. పాటను ఎలా వినాలో చెప్పే చిత్రం అరుదు. ‘శంకరాభరణం’ ఆ పని ఉద్దేశపూర్వకంగా చేస్తుంది. హిందోళంలో రిషభం, పంచమం ఉండవన్న విషయం 1980లో హాలుకు వచ్చిన ప్రేక్షకుల్లో ఎందరికి తెలుసు? తండ్రి గద్దింపుతో అది అందరికీ తెలిసింది. రాగలక్షణం తెలియనివారు కూడా ‘అక్కడ ఉండకూడని స్వరం ఒకటి పడింది’ అని గుర్తుపట్టే స్థితికి వచ్చారు. నా ముందు వరుసలోని పెద్దాయన సంగీతజ్ఞుడు కాకపోవచ్చు. ఆయన చెవికి మాత్రం ఈ చిత్రం ఒక ఎరుకను ఇచ్చింది.

పాశ్చాత్య బాణీలతో రాత్రిపూట వీధిలో గోలచేసే యువకులను శాస్త్రి ఎదుర్కొనే సన్నివేశం ఈ బోధనలో రెండవ మెట్టు. శాస్త్రి వారిని తిట్టి ఊరుకోడు. వారి బాణీని విని, స్వరాలుగా తిరిగి వినిపిస్తాడు. తాను పాడినదాన్ని అలాగే తిరిగి పాడమంటే వారివల్ల కాదు. అక్కడ గెలిచినది ప్రాచ్యమా పాశ్చాత్యమా అన్నది పైపై ప్రశ్న. ఎదుటివాడి పాటను వినగలిగినవాడు గెలిచాడు. చిత్రం పేరులోనే దీనికి ఒక సూచన ఉన్నది. ఇరవై తొమ్మిదవ మేళకర్త అయిన ధీరశంకరాభరణం స్వరస్థానాలు పాశ్చాత్య సంగీతంలోని మేజర్ స్కేలు స్వరస్థానాలతో సరిపోతాయి. రెండు ప్రపంచాలకూ ఉమ్మడిగా ఉన్న రాగం పేరును ధరించిన చిత్రాన్ని పాశ్చాత్య ద్వేషంగా చదవడం సరికాదు.

మరొక అంశాన్ని కూడా ఇక్కడ గమనించాలి. 1977లో ‘అడవి రాముడు’కు సంగీతం కూర్చినది మహదేవనే, పాటలు రాసినది వేటూరే. ఆ పాటలు వీధివీధినా మారుమోగాయి. శాస్త్రి గొంతుగా నిలిచిన బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖంగా అభ్యసించినవాడు కాడు, చిత్రగీతాల్లోనే పెరిగిన గాయకుడు. కనుక ఈ చిత్రంలో వినిపించే ‘శుద్ధ’ సంగీతం, జనరంజక సంగీతంతో చేతులు కడిగిన కళాకారుల నుంచే వచ్చింది. ఇది చిత్రానికి దోషం కాదు, బలం. శుద్ధతను గురించి చిత్రంలోని పాత్రలు చెప్పే మాటలకంటే, ఆ మాటలను సాధ్యం చేసిన కళాకారుల ప్రయాణం ఉదారమైనది.

3. తులసి: సహృదయురాలి మూర్తి

భారతీయ అలంకారశాస్త్రం కావ్యానికి కవిని ఎంత అవసరంగా భావించిందో సహృదయుణ్ణీ అంతే అవసరంగా భావించింది. కావ్యానుశీలనంవల్ల మనస్సు అద్దంవలె నిర్మలమై, వర్ణ్య వస్తువుతో తన్మయం కాగలిగినవాడు సహృదయుడని అభినవగుప్తుని వివరణ. రసం కావ్యంలో పడి ఉన్న వస్తువు కాదు, అది సహృదయుని అనుభవంలో సిద్ధిస్తుంది. ఈ నిర్వచనానికి తెలుగు చిత్రాల్లో రూపం వెతకాలంటే తులసిని మించిన పాత్ర దొరకదు.

ఆమె మొదటి పరిచయమే శ్రోతగా జరుగుతుంది. నది ఒడ్డున వినవచ్చే శాస్త్రి పాటకు ఆమె ఒళ్లు మరచి ఆడుతుంది. అది ఎవరి మెప్పు కోసమూ కాదు, విన్నది శరీరంలోకి ప్రవహించి కదలికగా బయటపడుతుంది. కూచిపూడి నర్తకి అయిన మంజుభార్గవిని ఈ పాత్రకు ఎంచుకోవడంలోని ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది. చిత్రమంతటా తులసి మాట్లాడే మాటలు స్వల్పం. స్తంభం చాటున, గుమ్మం దగ్గర, జనంలో ఒక అంచున నిలబడి ఆమె వింటుంది. ఛాయాగ్రాహకుడు ఆమె ముఖంపై నిలిపిన సమయం తక్కువేమీ కాదు. శాస్త్రి పాట ఎంత గొప్పదో ప్రేక్షకునికి పాటకంటె ముందు ఆ ముఖమే చెబుతుంది.

వేశ్యాగృహంలో పుట్టిన తులసి బలాత్కారానికి గురవుతుంది. అందుకు కారకుడైన మనిషిని చంపుతుంది. ఆమెను ఇంట చేర్చుకున్నందుకు శాస్త్రిని ఊరు వెలివేస్తుంది. తనవల్ల గురువుకు కలిగిన కష్టం చూడలేక ఆమె తనంత తాను తొలగిపోతుంది. ఏళ్ల తరువాత కొడుకుతో తిరిగివచ్చి, తానెవరో తెలియనీయకుండా వాణ్ణి శాస్త్రికి శిష్యునిగా చేరుస్తుంది. శాస్త్రి పేర సభామందిరం కట్టిస్తుంది. ఈ కథాగమనంలో నిర్ణయాలు తీసుకున్నదెవరు? శాస్త్రి నిష్ఠ కలవాడు, దయ కలవాడు, కాని కథను ముందుకు నడిపినవాడు కాడు. నడిపినది తులసి. అవమానం నుంచి పుట్టిన బిడ్డను విద్యకు వారసునిగా మార్చినది ఆమె. విషసర్పం శివునికి ఆభరణమైనట్లు ఆ బిడ్డ శంకరశాస్త్రికి ఆభరణమవుతాడు. చిత్రనామంలోని శ్లేష అంతా ఆమె సంకల్పం మీదనే ఆధారపడి ఉంది.

4. ఇద్దరు పూర్వికురాళ్లు

ఇక ఆ యువతి ప్రశ్నకు రావాలి. వినడంలో ఇంతటిది పాడదేం?

తెలుగు సాహిత్యంలో తులసికి ముందు ఒక పూర్వికురాలు ఉన్నది. గురజాడ ‘కన్యాశుల్కం’లోని మధురవాణి. ఆమె కూడా ఆటపాటల వృత్తిలో పుట్టినదే. కాని ఆమె సంపద మాట. ఊరి పెద్దల కపటాన్ని ఆమె మాటలతోనే విప్పి చూపుతుంది. చివరికి పురుషవేషంలో సౌజన్యారావు పంతులు వద్దకు వెళ్లి, ఆయన ఆదర్శానికే పరీక్ష పెట్టి, భగవద్గీత అందుకుని వెళుతుంది. ‘కన్యాశుల్కం’ ప్రదర్శనల్లో రామప్ప పంతులుగా సోమయాజులు ప్రసిద్ధుడన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగిన విషయం. మధురవాణి చేతిలో మాటిమాటికీ ఓడిపోయే పాత్రను రంగస్థలంపై పోషించిన నటుడే తెరమీద తులసికి ఆరాధ్యుడయ్యాడు. నాటకం నుంచి చిత్రానికి వచ్చేసరికి ఆ స్త్రీ మాట పోయింది. సంస్కర్తను నిలదీసిన స్థానంలో గురువు పాదాలను ఆశ్రయించే స్త్రీ వచ్చింది.

రెండవ పూర్వికురాలు చరిత్రలోనిది, బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952). ఆమె గాయని, పండితురాలు, దేవదాసీ కుటుంబంలో పుట్టినది. తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి ప్రకటించింది. అశ్లీలమన్న ఆరోపణతో ఆ గ్రంథం నిషేధానికి గురైంది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. తిరువయ్యారులో శిథిలావస్థలో ఉన్న త్యాగరాజస్వామి సమాధికి 1920లలో తన సంపాదన వెచ్చించి మందిరం కట్టించినది కూడా ఆమే. అక్కడి ఆరాధనోత్సవాల్లో స్త్రీలు పాడటానికి వీలులేదని అడ్డగించినప్పుడు ఆమె ఊరుకోలేదు, పోరాడి పాడింది, ఇతర స్త్రీల చేత పాడించింది.

తన ధనంతో ఒక వాగ్గేయకారునికి మందిరం కట్టించిన గాయని చరిత్రలో ఉన్నది, తన ధనంతో ఒక గాయకునికి సభామందిరం కట్టించిన తులసి చిత్రంలో ఉన్నది. ఈ పోలికను దర్శకుడు ఉద్దేశించాడని చెప్పడానికి ఆధారం లేదు, ఆ వాదన ఈ వ్యాసానిది కాదు. కాని పోలిక ఎక్కడ ఆగిపోతుందో చూస్తే చిత్రపు హద్దు తెలుస్తుంది. నాగరత్నమ్మ మందిరం కట్టి అందులో పాడింది. తులసి మందిరం కట్టి అందులో వింటూ ప్రాణం విడిచింది.

ఈ భేదం సామాజికంగా చిన్నది కాదు. ఆంధ్రదేశంలో కళావంతుల కుటుంబాల స్త్రీలు తరతరాలుగా పదాలను, జావళీలను, అభినయాన్ని కాపాడుతూ వచ్చారు. కందుకూరి కాలం నుంచి సాగిన సంస్కరణోద్యమం, 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన దేవదాసీ నిషేధ చట్టం ఆ వ్యవస్థలోని దోపిడీని అడ్డుకున్నాయి. అది జరగవలసినదే. అయితే దోపిడీతోపాటు ఆ స్త్రీల విద్యకున్న గౌరవస్థానం కూడా తొలగిపోయింది. వారి కళ మిగిలింది, వారు సభ నుంచి తప్పుకోవలసి వచ్చింది. ‘శంకరాభరణం’లో ఆ ఇంట పుట్టిన స్త్రీకి సంగీతం బయటినుంచి, ఒక శాస్త్రి నుంచి రావలసినదిగా కనిపిస్తుంది. ఆమె పుట్టిన ఇంట్లో ఉండినది కేవలం దేహవ్యాపారమేనని చిత్రం నమ్ముతుంది, మనచేత నమ్మిస్తుంది. ఆమె తల్లి, అమ్మమ్మ ఏ పదం పాడేవారో, ఏ జావళి పట్టేవారో చిత్రం అడగదు. చరిత్రలో దాతలుగా ఉన్నవారు కథలో యాచకులయ్యారు.

దీనికి ఒక సమాధానం వినిపించవచ్చు. 1980లో ఒక జనరంజక చిత్రం వెలికి భయపడని శాస్త్రిని చూపడమే సాహసం కదా అని. ఆ మాట నిజమే. ఊరు కాదన్న స్త్రీని ఇంట్లోకి రానిచ్చిన సదాచారపరుణ్ణి నాయకునిగా నిలిపి, వెలివేసిన ఊరినే దోషిగా చూపడంలో విశ్వనాథ్ ధైర్యం ఉంది. తులసిని వినోదవస్తువుగా చూసే ఒక్క దృశ్యానికీ ఆయన లొంగలేదు. కాని ఇంట్లోకి రానివ్వడం వేరు, శిష్యురాలిగా స్వీకరించడం వేరు. ఆ రెండవ అడుగు చిత్రం వేయలేదు. శిష్యరికం ఆమె కొడుకు వచ్చేవరకు వాయిదా పడింది.

5. బాలుని గొంతులో ఎవరు?

చివరి సన్నివేశం ఈ చర్చకు కీలకం. నిండు సభలో శాస్త్రి బిలహరి రాగంలో పాడుతుండగా అతని ఆరోగ్యం దెబ్బతింటుంది. పాట ఆగిపోతుంది. ఆగిన చోటనుంచి తులసి కొడుకు అందుకుంటాడు. శాస్త్రి తన గండపెండేరాన్ని ఆ బాలునికిచ్చి వారసునిగా ప్రకటించి కన్నుమూస్తాడు. ఆ పాదాల చెంతనే తులసి ప్రాణం పోతుంది. విద్య గురువు నుంచి శిష్యునికి, పురుషుని నుంచి బాలునికి సంక్రమించింది. కథ స్థాయిలో ఇది నిర్వివాదం.

అయితే తెరమీద కనిపించే ఆ బాలుడు ఎవరు? ఆ పాత్ర ధరించినది ఒక బాలిక. కాకతాళీయంగా ఆమె పేరు కూడా తులసే. వాడి పాటగా మనం వింటున్నది వాణీ జయరాం గొంతు. కథ పురుష పరంపరగా ప్రకటించిన వారసత్వాన్ని చిత్రనిర్మాణం ఒక ఆడపిల్ల దేహంతో, ఒక స్త్రీ కంఠంతో సాధించింది. బాలపాత్రలకు బాలికలను ఎంచుకోవడం, వారికి గాయనులు పాడటం మన చిత్రాల్లో మామూలు పద్ధతేనన్నది తెలిసిందే. కాని మామూలు పద్ధతులే కొన్నిసార్లు కథ దాచిన సంగతిని బయటపెడతాయి. మధురవాణి తన మాట చెల్లించుకోవడానికి మగవేషం వేసుకోవలసి వచ్చింది. ఇక్కడ స్త్రీ గొంతు సభలో వినబడటానికి బాలుని వేషం కావలసి వచ్చింది.

ఈ దృష్టితో చూసినప్పుడు తులసి మౌనం కొంత కరుగుతుంది. ఆమె పాడలేదు. కాని ఆమె వలన పుట్టిన పాట, ఆమె పేరే ఉన్న పిల్ల పెదవులపై, ఒక స్త్రీ గొంతుతో వినిపించింది. చిత్రం చెప్పదలచుకోని ఈ మాటను చిత్రమే చెప్పింది. దీన్ని దర్శకుని ఖాతాలో వేయనక్కరలేదు, విమర్శకుడు గమనించకుండా వదలనూ కూడదు.

ముగింపు

పైన చేసిన పరిశీలన నుంచి మూడు విషయాలను సంగ్రహించవచ్చు. ఒకటి, ‘శంకరాభరణం’ గాయకుని మహిమకంటె శ్రోత ఆవశ్యకతను బలంగా ప్రతిపాదించిన చిత్రం. దాని విడుదల చరిత్ర ఆ ప్రతిపాదనకు తోడు నిలిచింది. రెండు, తులసి పాత్రలో సహృదయ భావన తెలుగు తెరపై అరుదైన నిండుదనాన్ని పొందింది. కథను నడిపే శక్తి శ్రోతకు దక్కింది. మూడు, ఆ శ్రోతను కళావంతుల ఇంటినుంచి తెచ్చిన చిత్రం, ఆ ఇంటి విద్యను గుర్తించలేదు. ఉత్తమ శ్రోతృత్వం ఆమెకు గౌరవంగా లభించినా, పాడే హక్కుకు బదులుగా లభించింది.

ఈ మూడవ అంశం మొదటి రెండింటినీ రద్దు చేయదు. వినడం ఎలాగో ఇంత చక్కగా నేర్పిన చిత్రం గనుకనే, అందులో వినబడనిదాన్ని కూడా వినగలుగుతున్నాము. హిందోళంలో పడిన రిషభాన్ని పట్టుకున్న చెవికి, సభలో లేకుండాపోయిన గొంతు కూడా తెలియాలి. కళావంతుల కుటుంబాల మౌఖిక సంప్రదాయాన్ని, చలనచిత్రాల్లో వారి చిత్రణను కలిపి పరిశీలించే పని ఇంకా విస్తృతంగా జరగవలసి ఉంది.

ఆ ఆదివారం మెట్ల మీద వినబడిన జవాబు మాత్రం నన్ను వదలలేదు. “పాడితే ఎవరు ఊరుకుంటారే?” అన్న ఆ పెద్దావిడ, చెప్పులు దొరికాక, చివరి పాట పల్లవిని మెల్లగా కూనిరాగం తీస్తూ వీధి మలుపు తిరిగింది. ఆమెను ఎవరూ ఆపలేదు.